క్లోమం ఆపరేషన్: రోబోతోనా, పొట్ట తెరిచా?

ఈ మధ్య మా ఓపీలో స్కాన్ కాగితాలు బల్ల మీద పెట్టీ పెట్టకముందే వినబడే మాట ఒకటుంది. "డాక్టరు గారూ, నాన్నగారికి రోబోతో చేయిద్దామనుకుంటున్నాం. మీరేమంటారు?" గడ్డ ఎక్కడుంది, ఎంతవరకు పాకింది, అసలు ఆపరేషన్‌కి వీలవుతుందా అన్న ప్రశ్నలు ఆ తర్వాతే. వాళ్లను తప్పు పట్టను. ఊళ్లోకి అడుగుపెట్టే చోట హోర్డింగు మీద నాలుగు చేతుల యంత్రం బొమ్మ కనబడుతుంది. పక్కనే నొప్పి తక్కువ, మచ్చ చిన్నది, తొందరగా ఇంటికి అని రాసి ఉంటుంది. ఆ మాటలు క్లోమానికి ఎంతవరకు నప్పుతాయో ఇవాళ మాట్లాడుకుందాం.

ముందు క్లోమం సంగతి. స్కాన్ రిపోర్టులో పాంక్రియాస్ అని ఉండేది దీన్నే. జీర్ణాశయం వెనకాల, వెన్నెముకకు ముందు, అడ్డంగా ఒదిగి ఉంటుంది. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు, బరువు ఇంచుమించు 100 గ్రాములు. అన్నం అరిగించే రసం ఇదే తయారుచేస్తుంది, ఇన్సులిన్ కూడా ఇక్కడిదే. తల, మెడ, ఒళ్లు, తోక అని దీనికి భాగాలు చెప్తాం. తల కుడిపక్క, చిన్నపేగు మొదటి వంపులో ఇరుక్కుని ఉంటుంది. కాలేయం నుంచి పైత్యరసం తెచ్చే నాళం ఆ తలలోంచే పోతుంది. పేగుల రక్తాన్ని కాలేయానికి చేరవేసే పెద్ద సిర మెడకు సరిగ్గా వెనక ఉంటుంది. ఇన్ని దారులు కలిసే చోటు కాబట్టే, ఎంత అనుభవం ఉన్న సర్జనైనా ముందురోజు రాత్రి ఆ స్కాన్ మరోసారి తెరిచి చూసుకుంటాడు.

తలలో గడ్డ పెరిగితే పైత్యనాళం నొక్కుకుపోతుంది. కళ్లు పచ్చబడతాయి, ఒళ్లంతా దురద, మూత్రం ముదురు రంగు, మలం పాలిపోయి వస్తుంది. నొప్పి ఉండకపోవచ్చు. మన దగ్గర కళ్లు పచ్చబడితే ముందు పసరు మందు. కొన్ని ఊళ్లలో ఇప్పటికీ చేతి మీద వాత పెట్టేవాళ్లున్నారు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకు వస్తుంది. గడ్డ వల్ల వచ్చే కామెర్లు అలా తగ్గేవి కావు. యాభై దాటినవాళ్లకు నొప్పి లేకుండా కామెర్లు వచ్చి, బరువు తగ్గుతూ, కొత్తగా షుగర్ కూడా కనబడితే వెంటనే పొట్ట స్కాన్ తీయించాలి. క్లోమ క్యాన్సర్ బయటపడే నాటికి నూటికి 15, 20 మందికే ఆపరేషన్ వీలవుతోంది. రోబోనా, కోతా అన్న చర్చంతా ఆ కొద్దిమంది గురించే. మిగతావాళ్లలో కొందరి విషయంలో ఆ చర్చకు తావు లేకుండా చేసింది పసరు కోసం తిరిగిన నెలే.

తలభాగం తీసే ఆపరేషన్‌కి విప్పుల్ ఆపరేషన్ అని పేరు. అలెన్ విప్పుల్ న్యూయార్క్ సర్జన్. 1935లో ఆయనా, సహచరులూ మూడు కేసుల వివరాలు ప్రచురించారు. అంతకు చాలా ముందు, 1898లో, ఇటలీలో కొడివిల్లా ప్రయత్నించాడు గానీ రోగి బతకలేదు. 1909లో బెర్లిన్‌లో కౌష్ రెండు విడతలుగా చేసి నెగ్గాడు. విడతలెందుకంటే, కామెర్లు ముదిరిన మనిషికి రక్తం సరిగ్గా గడ్డకట్టదు. ముందు పైత్యరసానికి వేరే దారి చేసి, కామెర్లు తగ్గాక మళ్లీ పొట్ట తెరవాల్సి వచ్చేది. విటమిన్ కె చేతికొచ్చాక, 1940లో, విప్పుల్ ఒకే విడతలో పూర్తిచేశాడు. ఆయన తన జీవితం మొత్తంలో చేసినవి 37 మాత్రమే. ఇవాళ పెద్ద సెంటర్లలో అన్ని కేసులు ఏడాది తిరక్కుండానే అవుతాయి.

1970ల దాకా చాలాచోట్ల ఈ ఆపరేషన్ చేయించుకున్న నలుగురిలో ఒకరు ప్రాణాలతో ఇంటికి పోలేదు. ఇక దీన్ని మానేయడం మేలన్న సర్జన్లూ ఉన్నారు. అలాంటిది 1993 నాటికి బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో జాన్ కామెరాన్ బృందం వరసగా 145 మందికి చేసి, ఒక్కరిని కూడా పోగొట్టుకోలేదని రాసింది. మధ్యలో ఏం మారిందంటారు? అప్పటికి రోబో లేదు. స్కాన్లు బాగుపడ్డాయి, మత్తు డాక్టర్ల పని మెరుగైంది, ఐసీయూలు వచ్చాయి. వాటితో పాటు, ఒకే చోట ఒకే బృందం వారం వారం అదే పని చేస్తూ పోయింది. 2002లో అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా కింద జరిగిన ఆపరేషన్ల లెక్కలు తీశారు. ఏడాదికి సగటున ఒక్క క్లోమం ఆపరేషన్ కూడా చేయని ఆసుపత్రుల్లో మరణాలు నూటికి 16.3. ఏడాదికి 16 కన్నా ఎక్కువ చేసే ఆసుపత్రుల్లో 3.8. ఆపరేషన్ అదే, దేశం అదే. నా లెక్కలో రోబో గురించి వచ్చిన ఏ అధ్యయనం కన్నా ఈ రెండు అంకెలే రోగికి ఎక్కువ ఉపయోగం.

ఇక లోపలి సంగతి. క్లోమం తల, చిన్నపేగు మొదటి భాగం, గాల్‌బ్లాడర్, పైత్యనాళంలో కొంత, ఒక్కోసారి జీర్ణాశయం చివరి భాగం కూడా తీసేస్తాం. తీయడం సగం పనే. ఆ తర్వాత మూడు అతుకులు వేయాలి: మిగిలిన క్లోమాన్ని పేగుకు, పైత్యనాళాన్ని పేగుకు, జీర్ణాశయాన్ని పేగుకు. మొదటిదే ప్రాణాంతకం. క్లోమంలో రసం ప్రవహించే నాళం వెడల్పు మామూలుగా రెండు మూడు మిల్లీమీటర్లు. ఆ నోటి చుట్టూ వెంట్రుకంత దారంతో ఆరో ఎనిమిదో కుట్లు వేస్తాం. గ్రంథి మెత్తగా ఉంటే జున్నుముక్కకు కుట్టు వేసి ముడి బిగించినట్టే ఉంటుంది. కాస్త గట్టిగా లాగితే దారం కోసుకుని బయటికి వచ్చేస్తుంది. ఇంకో విచిత్రం చెప్పాలి. ఏళ్ల తరబడి వాచి గట్టిపడిన క్లోమం కుట్టును బాగా పట్టుకుంటుంది. ఏ జబ్బూ లేని మెత్తటి క్లోమమే మమ్మల్ని భయపెడుతుంది.

ఆ అతుకు కారితే ఏమవుతుంది? కారేది మాంసాన్ని అరిగించే రసం. బయటికి వస్తే చుట్టూ ఉన్నవాటినీ అరిగిస్తుంది. ఆపరేషన్‌లో కట్టేసిన రక్తనాళం మొదలు దగ్గర నెమ్మదిగా తినేసి, వారం పది రోజులకు ఒక్కసారిగా రక్తం చిమ్మొచ్చు. అందుకే పొట్టలోంచి బయటికి డ్రెయిన్ గొట్టం పెట్టి, మూడో రోజున ఆ నీటిలో అమైలేజ్ అనే ఎంజైమ్ ఎంతుందో చూస్తాం. రక్తంలో ఉండాల్సిన గరిష్ఠ స్థాయికి మూడు రెట్లు దాటితే అందరం అప్రమత్తమవుతాం. ఎక్కువమందికి అది డ్రెయిన్‌తోనే సర్దుకుంటుంది. కొందరికి రాత్రికి రాత్రి తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, రక్తం కారుతున్న చోట కాయిల్ పెట్టి మూయాలి. ఆ పని తెలిసిన రేడియాలజిస్టు అర్ధరాత్రి ఫోను ఎత్తాలి, వచ్చి థియేటర్‌లో నిలబడాలి. ఇంత ఎందుకు చెప్తున్నానంటే, విప్పుల్ ఆపరేషన్‌లో మనిషిని ప్రమాదంలోకి నెట్టేది పొట్ట మీది కోత కాదు, లోపలి అతుకు. రోబోతో చేసినా, పొట్ట తెరిచి చేసినా ఆ అతుకు అదే.

రోబో అనగానే యంత్రం తనంతట తనే కోస్తుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అది స్వయంగా ఒక్క కుట్టు కూడా వేయదు. పొట్ట మీద ఎనిమిది మిల్లీమీటర్ల రంధ్రాలు నాలుగైదు పెట్టి, లోపల కార్బన్ డయాక్సైడ్ గ్యాసు నింపి, వాటిలోంచి కెమెరానూ పనిముట్లనూ పంపుతారు. సర్జన్ కొన్ని అడుగుల దూరంలో కన్సోల్ ముందు కూర్చుని, కళ్లు అద్దాలకు ఆనించి, వేళ్లతో ఆ పనిముట్లను నడిపిస్తాడు. బొమ్మ పదింతలు పెద్దగా, లోతు తెలిసేలా కనబడుతుంది. పనిముట్టు కొస మన మణికట్టు కన్నా ఎక్కువగా మెలి తిరుగుతుంది. చేతి వణుకు అవతలికి పోదు. రెండు మిల్లీమీటర్ల నాళం నోరు కుట్టడానికి ఇవన్నీ నిజంగా పనికొచ్చేవే. నేను పొట్ట తెరిచి చేసే కాలంలో పని నేర్చుకున్నవాణ్ణి. ఒకప్పుడు కళ్లకు లూపు అనే భూతద్దాలు పెట్టుకుని, మెడ వంచి కష్టపడి వేసిన కుట్టును మా జూనియర్లు కన్సోల్‌లో కూర్చుని హాయిగా వేస్తుంటే చూసి అసూయపడ్డాను కూడా.

పోయేది స్పర్శ. ఎక్కువ యంత్రాల్లో దారం ఎంత బిగుస్తోందో వేలికి తెలియదు. కణజాలం నొక్కుకుంటున్న తీరు కంటితో చూసి అంచనా వేసుకోవాలి. 2024లో అమెరికాలో అనుమతి వచ్చిన కొత్త మోడల్లో ఆ బలం కొంత చేతికి తెలిసే ఏర్పాటు చేశారు. రెండో చిక్కు రక్తస్రావం. క్లోమం మెడ వెనక సిర చిరిగిందనుకోండి. పొట్ట తెరిచి ఉంటే సర్జన్ వేలు వెంటనే దాని మీద పడుతుంది. కన్సోల్‌లో ఉన్నవాడికి చేతికి గ్లవ్స్ కూడా ఉండవు. అప్పుడు రోగి పక్కన నిలబడ్డ అసిస్టెంట్ ఎవరన్నదే ముఖ్యం. ఆ కుర్రాడు స్థిరంగా ఉంటే ఆ క్షణం గడిచిపోతుంది. రోబోతో మొదలుపెట్టి మధ్యలో పొట్ట తెరవాల్సి వస్తే దాన్ని ఓటమిగా తీసుకోకండి. తెరవాల్సిన సమయంలో తెరిచిన సర్జన్నే నేను నమ్ముతాను.

రోబో కన్నా ముందు లాపరోస్కోపీ ఉంది, చిన్న రంధ్రాల్లోంచి తిన్నటి కడ్డీలతో చేసేది. విప్పుల్ ఆపరేషన్ ఆ దారిన మొదట 1994లో గాన్యే, పాంప్ అనే సర్జన్లు చేశారు. తర్వాత రోబో: 2001లో ఇటలీలోని గ్రోసెటోలో జూలియానొత్తి. ఈ దారులు పాతదారి కన్నా మేలా అని చూడ్డానికి చీటీ వేసినట్టు రోగులను రెండు గుంపులు చేసి పోల్చే పరీక్షలు జరిగాయి. వాటిలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలి. కోయంబత్తూరులో పళనివేలు గారి బృందం 64 మంది మీద చేసి 2017లో ప్రచురించింది. లాపరోస్కోపీ వాళ్లు 7 రోజులకు ఇంటికి పోతే, పొట్ట తెరిచినవాళ్లు 13 రోజులకు పోయారు. అదే లాపరోస్కోపీని నెదర్లాండ్స్‌లో నాలుగు ఆసుపత్రుల్లో పరీక్షిస్తే, మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. చిక్కుల వల్ల 90 రోజుల్లో చనిపోయినవాళ్లు లాపరోస్కోపీ వైపు 50 మందిలో ఐదుగురు, పొట్ట తెరిచిన వైపు 49 మందిలో ఒకరు. అక్కడివాళ్లు కొత్తవాళ్లేం కాదు, శిక్షణ పొందినవాళ్లే. కానీ ఏళ్ల తరబడి ఈ ఒక్క పనితోనే చేయి తిరిగిన బృందానికీ, నిన్న మొన్న నేర్చుకున్న బృందానికీ మధ్య ఉండే దూరాన్ని నేనైతే ఆ రెండు లెక్కల్లో చూస్తాను. డచ్చి డాక్టర్లు ఆ ఫలితాన్ని దాచిపెట్టకుండా ప్రచురించారు. అందుకు వాళ్లకు దణ్ణం పెట్టాలి.

రోబో మీదా అలాంటి పరీక్షలు వచ్చాయి. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో చేసిన చిన్న పరీక్ష 2024లో వచ్చింది. మొత్తం చిక్కుల భారం రెండు వైపులా ఇంచుమించు ఒకటే, క్లోమానికి సంబంధించిన ఇబ్బందులు మాత్రం రోబో వైపే ఎక్కువ, ఖర్చూ ఎక్కువే. అదే ఏడు చైనా నుంచి వచ్చిన పెద్ద పరీక్షలో రోబో వాళ్లు 11 రోజులకు ఇంటికి పోతే, పొట్ట తెరిచినవాళ్లు పదమూడున్నర రోజులకు పోయారు. చిక్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అక్కడ చేసినవాళ్లు అప్పటికే రోబో మీద ఆరితేరినవాళ్లు. అంటే తలభాగానికి రోబో వల్ల ఒరిగేది, మంచి చేతుల్లో, రెండు మూడు రోజుల తేడా. చేయి తిరగకపోతే అది కూడా ఉండదు.

మరి చేయి తిరగడానికి ఎన్ని కావాలి? అమెరికాలో పిట్స్‌బర్గ్ వాళ్లు తమ మొదటి 200 రోబో విప్పుల్ ఆపరేషన్లను వరసలో పెట్టి లెక్క తీశారు. 20 అయ్యాక రక్తం పోవడం తగ్గింది, మధ్యలో పొట్ట తెరవాల్సి రావడమూ తగ్గింది. 40 అయ్యాకే అతుకు కారడం తగ్గింది. 80 అయ్యాక ఆపరేషన్ సమయం తగ్గింది. వాళ్లు అంతకుముందే పొట్ట తెరిచి ఎన్నో చేసిన సర్జన్లు. ఏడాదికి పది విప్పుల్ ఆపరేషన్లు చేసే మన ఊరి ఆసుపత్రి కొత్తగా రోబో కొందనుకోండి, 40 కావడానికి నాలుగేళ్లు పడుతుంది. ఆ నాలుగేళ్లలో మీ నాన్నగారు ఎన్నో నంబరో తెలుసుకోవాలి. కాబట్టి డాక్టరు గారిని మొహమాటం లేకుండా అడగండి: ఈ ఆపరేషన్ మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు, అందులో రోబోతో ఎన్ని, అతుకు కారినప్పుడు రాత్రిపూట చూసేదెవరు అని. అడిగితే కోప్పడే డాక్టరుంటే, ఆ కోపమే మీకు జవాబు.

తోకభాగం సంగతి వేరు. గడ్డ ఎడమపక్కన ఉంటే కోసి తీయడమే, అతుకులు వేసే పని లేదు. ఇక్కడ చిన్న రంధ్రాల దారి గెలిచిందని నేను ఒప్పుకుంటాను. నెదర్లాండ్స్ వాళ్లే 2019లో చూపించారు, ఆ దారిన చేయించుకున్నవాళ్లు 4 రోజులకు తేరుకుంటే, పొట్ట తెరిచినవాళ్లకు 6 రోజులు పట్టింది. ఆ దారిలో లాపరోస్కోపీ అయితేనేం, రోబో అయితేనేం, మీ సర్జన్‌కు బాగా వచ్చిందే మంచిది.

డబ్బు మాట ఎత్తకుండా ఈ విషయం మాట్లాడడం కుదరదు. రోబో పనిముట్లకు లోపల లెక్క ఉంటుంది. ఇన్నిసార్లు వాడాక, చూడ్డానికి కొత్తగానే ఉన్నా, యంత్రం వాటిని ఇక పట్టుకోదు. ఆ ఖర్చంతా బిల్లులోకే వస్తుంది. ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు ముందుగా కాగితం తిరగేయాలి. రోబో ఆపరేషన్లను పాలసీలో చేర్చాలని బీమా నియంత్రణ సంస్థ చెప్పింది గానీ, దానికి విడిగా పరిమితి పెట్టుకునే వీలు కంపెనీలకుంది. హైదరాబాద్ నిమ్స్‌లో 2023లో రోబో వచ్చింది. ప్రభుత్వ రంగంలోనూ ఈ దారి తెరుచుకుందనడానికి అది గుర్తు.

క్యాన్సర్ అయితే ఆపరేషన్‌తో పని అయిపోదు. తర్వాత ఆరు నెలలు కీమోథెరపీ ఉంటుంది. ఫ్రాన్స్, కెనడాల్లో చేసి 2018లో ప్రచురించిన పరీక్షలో, బలమైన నాలుగు మందుల కీమో తీసుకున్నవాళ్లలో సగం మంది 54 నెలలకు పైగా బతికారు. పాత ఒంటిమందు తీసుకున్నవాళ్లలో అది 35 నెలలు. ఇంత తేడా ఏ రోబో తేలేదు. రోబోతో తొందరగా తేరుకుని కీమో వేళకు మొదలుపెట్టగలిగితే అదీ లాభమే, నేను కాదనను. కానీ ఉన్నదంతా ఆపరేషన్‌కి ఊడ్చిపెట్టి, కీమో రెండు సైకిళ్లయ్యాక డబ్బుల్లేక మానేసిన కుటుంబాలను చూస్తుంటాం. అప్పు తెచ్చి మరీ రోబోకు పోయే బదులు, చేయి తిరిగిన సర్జన్ దగ్గర పొట్ట తెరిపించుకుని, ఆ డబ్బు కీమోకు దాచుకోమనే నేను చెప్తాను. డబ్బుకు ఇబ్బంది లేదు, రోబో మీద వందల కొద్దీ చేసిన సర్జన్ దొరికాడు అంటే, నిశ్చింతగా చేయించుకోండి.

ఇంటికొచ్చాక గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. క్లోమం సగం పోయాక అరుగుదల రసం చాలక, మలం జిడ్డుగా నీళ్ల మీద తేలుతుంది, మనిషి చిక్కిపోతాడు. దానికి ఎంజైమ్ క్యాప్సూల్స్ రాస్తాం. ఎక్కువమంది అవి అన్నం తిన్న గంటకో, రాత్రి పడుకునే ముందో వేసుకుని, పనిచేయడం లేదని మానేస్తారు. మొదటి ముద్దతోనే వేసుకోవాలి, భోజనం పెద్దదైతే మధ్యలో ఇంకొకటి. పాలు తాగినా సరే, నూనో కొవ్వో ఉన్న ఏ పలహారానికైనా ఇదే లెక్క. షుగర్ కూడా కొత్తగా రావచ్చు, మూణ్ణెల్లకోసారి చూపించుకోండి.